నాలుగు వేళ్ల లోపలి ముడి

పోయిన అమావాస్య రాత్రి గద్వాలలో లైట్ల రోడ్డు మీద కరెంటు పోయింది. మిర్చి బండ్ల ముందు, చీరల షోరూముల ముందు నిలబడ్డ జనమంతా ఒక్కసారిగా "ఓ..." అని అరిచి ఫోన్లు బయటికి తీశారు. నేను తీయలేదు. నా కొంగు కొసను వెనక్కి చాపి, ఉన్నచోటే నిలబడిపోయాను. పక్కనున్న మా ఆడబిడ్డ నా మొహం మీద లైటు కొట్టి, "ఏంది వదినా, దయ్యం వట్టినట్ల నిలవడ్డవ్?" అంది.

మా ఎదురింటి అత్త పోయి అప్పటికి పన్నెండు రోజులు. ఆ కొంగు పట్టుకునే చెయ్యి ఇక లేదని నాకు తెలుసు. అయినా కరెంటు వచ్చేదాకా చాపిన చెయ్యి దించలేదు.

అత్త అంటున్నాను గానీ మాకు చుట్టరికమేమీ లేదు. వీధికి అటు వాళ్లిల్లు, ఇటు మా ఇల్లు. రెండిళ్లలోనూ మగ్గాలు. ఆమె పేరు ఇక్కడ రాయను. ఒకే రాత్రిలో ఈ ఊరు ఆమెకు రెండు పేర్లు పెట్టింది. వాటిలో రెండోది నా నోటి చలవే. అవి చాలు, మూడోది ఎందుకు?

పొట్టి మనిషి. ఏళ్ల తరబడి మగ్గం గుంటలో ఒకే పక్కకు వంగి కూర్చోవడంతో ఎడమ భుజం కొంచెం కిందికి జారినట్టుండేది. ఎవరింటికి పోయినా, ఎవరు ఆమె ఇంటికి వచ్చినా, బాగున్నవా అని అడగడానికి ముందే వాళ్ల కొంగు కొసను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నలిపేది. "మిల్లుది," అని మొహం చిట్లించేది. లేదా "మంచి నూలు. ఏడ కొన్నవ్?" అని అప్పుడు కూర్చోమనేది. మా అత్తగారు నవ్వుతూ అనేది: "యముడొచ్చినా సరే, ముందుగాల ఆయన పంచె అంచు వట్టి జూస్తది, ఆ తర్వాతనే పానం ఇడుస్తది."

గద్వాల చీరకు ఒళ్లంతా నూలు, కొంగు మాత్రం పట్టు. ఆ రెండింటినీ కలిపేదే అతుకు. వేళ్లకు బూడిద అద్దుకుని, నూలు పోగుకు పట్టు పోగు మెలేసి కలుపుకుంటూ పోవాలి. చీరకు ఈ అంచు నుంచి ఆ అంచు దాకా, ఒక్క పోగు తప్పినా నేసేటప్పుడు బయటపడుతుంది. మా వీధిలో ఆ పనికి ఆమెను మించినవాళ్లు లేరు. అతుకులో ముడి కనపడకూడదు, మెలికే ఉండాలి. కానీ ఆమె ప్రతి చీరకూ కుడి అంచు నుంచి నాలుగు వేళ్ల లోపల, పట్టు మొదలయ్యే చోట ఒక్క పోగుకు ఆవగింజంత ముడి వేసేది. పట్టు ఇచ్చి నేయించుకునే సేటు ఎన్నిసార్లు కోప్పడ్డాడో. "పిల్లకు దిష్టిచుక్క వెట్టమా సేటూ? గిది గంతే," అనేది. కావాలని చేసే ఆ తప్పు ఒక్కటే ఆమె సంతకం. చూసినవాడికి కనపడదు. వేలితో తడిమితే తెలుస్తుంది.

ఆమె నోట్లో ఎప్పుడూ ఒకటే మాట: "జర ఆగు." పిల్లలు పరిగెత్తితే జర ఆగు. పాలు పొంగితే జర ఆగు. కోపమొస్తే జర ఆగు. నాదేమో ఉడుకుతున్న బువ్వలో వేలు పెట్టే రకం. బిజినేపల్లిలో మా పుట్టింట్లో తాత కాలంలోనే మగ్గం మూలపడింది, ఓపిక నేర్పే పనేదీ నాకు తగల్లేదు. పెళ్లయి వచ్చాక అతుకు పని నేర్పమని ఆమె దగ్గర కూర్చుంటే, గంటలో ముప్పై పోగులు తెంపాను. "ఆలస్యం అమృతం విషం అంటరు గదత్తా," అని నేను. "గా మాట అన్నోడు మగ్గం నేసినోడు కాదు," అని ఆమె.

నేను వచ్చిన కొత్తలో మా వీధిలో సగం మగ్గాల మీద తడి బట్టలు ఆరేసేవాళ్లు. మగవాళ్లు మిల్లు పనులకు భీవండికో హైదరాబాదుకో పోయారు. గద్వాల జిల్లా అయినాక ఊరి రాత మారింది. ఫోన్లలో వీడియోలు చూసి పెళ్లిచీరల కోసం జనం రావడం మొదలైంది. మూలపడ్డ మగ్గాలు దులిపారు. పోయినవాళ్లు కొందరు తిరిగొచ్చారు. మెయిన్ రోడ్డు నడుమ లైట్ల స్తంభాలు నాటారు. అద్దాల తలుపుల షోరూములు లేచాయి, వాటి ముందు మిర్చి బండ్లు, ఐస్‌క్రీం బండ్లు, రాయచూరు నుంచి వచ్చి దోసెలు పోసేవాళ్లు. పగలంతా ఎండకు సోలిపోయి ఉండే ఊరు రాత్రి ఎనిమిదికి తల దువ్వుకుని బయటికి వచ్చేది. ఆ చీరలు నేసిన మేము మాత్రం ఎనిమిదికల్లా తిని తలుపేసుకునేవాళ్లం.

మాకు నెలకొక్కటే సెలవు. అమావాస్య నాడు మగ్గంలో దిగరు. ఒక అమావాస్య సాయంత్రం ఆమె మా గుమ్మంలో నిలబడి, "లైట్ల రోడ్డు జూసొద్దం పాండ్రి," అంది.

మా అత్తగారు ఉలిక్కిపడింది. "అమాస రాత్రి ఆడోళ్లు బయటికి పోతరా? దయ్యాలు తిరుగుతయే!"

"నెలంత గుంటలనే కూసుంటిమి. గా దయ్యాలన్న జూసొద్దం పా."

మగవాళ్లు గొణిగారు. మా ఆయన రెండు రోజులు మాట్లాడలేదు. అయినా ప్రతి అమావాస్యకూ పోయాం, నేను, మా అత్తగారు, ఆమె, వీధిలోని మరో ఇద్దరు. ఆమె పెట్టిన షరతు ఒకటే. అంచున్న నూలు చీర కట్టుకోవాలి. "జారే చీరలు కట్టుకుంటె నా ఎంట రావొద్దు. నేసేటోళ్లమే మిల్లు చీర కట్టుకుంటె కొనేటోడు ఏమనుకుంటడు?" నిజమే అనుకున్నాం. రోడ్డు మీద నడిచినంతసేపూ నా కొంగు కొస ఆమె రెండు వేళ్ల మధ్యే ఉండేది. "చంటిపిల్ల లెక్క కొంగు వట్కొని తిరుగుతది," అని మిగతావాళ్లు నవ్వేవాళ్లు. ఆమె అలవాటు తెలిసిందే కదా అని నేనూ నవ్వాను.

అయిదో సారో ఆరో సారో, తిరిగి వస్తుంటే మా వీధి మలుపులో బల్బు వెలగడం లేదు. తక్కినవాళ్లు ముందు పోయారు. నేను చెప్పు పట్టీ సర్దుకోవడానికి వంగి, కొంగు లాక్కున్నాను. ఆమె ఆగలేదు. ఎదురుగా ఆగి ఉన్న తోపుడు బండి మీదికి నేరుగా నడిచి గుద్దుకుంది. ఇనుప చట్రాన్ని రెండు చేతులతో పట్టుకుని నిలబడి ఊపిరి తీసుకుంటోంది.

"ముందర గంత బండి ఉంటె కనవడలేదా అత్తా?"

ఆమె తడుముకుంటూ నా చెయ్యి దొరకబుచ్చుకుని, వాళ్లింట్లో మగ్గం దగ్గరికి లాక్కుపోయింది. కొడుకు పడుకున్నాడేమోనని చెవిలో చెప్పింది.

"పొద్దుందాక అన్నీ కనవడ్తయ్. పొద్దు గూకినంక లైటు కింద ఉన్నదే కనవడ్తది. మిగిల్నదంత గోడ."

"దవాఖానకు పోలేదా?"

"రాయచూర్ల జూపించిన. దీనికి మందు లేదన్నరు. గిప్పుడు రాత్రి పోయింది, ఒకనాడు పగలు గూడ పోతదంట."

"కొడుక్కు చెప్పినవా?"

"చెప్తె మగ్గం బంద్ వెడ్తడు. సేటు పట్టు ఎన్కకు తీస్కపోతడు. అతుకు జూసేది నా ఏళ్లు, కండ్లు కాదు. గా మాట జెప్తె ఎవడన్న నమ్ముతడా?" నా చెయ్యి లాగి మగ్గం మీద పెట్టింది. "ఎవ్వరికి చెప్పనని ఒట్టెయ్యి."

ఒట్టేశాను. కానీ అడగకుండా ఉండలేకపోయాను. "మరి రాత్రిపూట బయటికెందుకు అత్తా?"

"లైట్ల కింద మనుషులు అగవడ్తరే. నేను నేసిన చీరలు కట్టుకొని తిరుగుతరు. కండ్లు ఉన్నన్ని దినాలు జూడొద్దా?"

ఆ రోజు నుంచి అమావాస్య అంటే నాకు సంతోషం పోయి గుబులు మొదలైంది. కొంగు ఒకసారి లాగితే మెట్టు, రెండుసార్లు లాగితే ఆగు అని మాలో మేము గుర్తులు పెట్టుకున్నాం. గుంతలు నేను చూడాలి, బైకులు నేను చూడాలి, ఎవరైనా ఆమెను పరీక్షగా చూస్తున్నారేమో అదీ నేనే చూడాలి. ఒకసారి మిర్చి బండి దగ్గర ఆమె కొడుకే బైకు ఆపి, "అమ్మా, మిర్చి తింటున్నవా?" అన్నాడు. చీకటి పక్క నుంచి వచ్చింది గొంతు. ఆమె లైటున్న ఇటు పక్కకు తిరిగి నవ్వింది. నేను కొంగు లాగి, ఆమెను అటు తిప్పి, "మీ అమ్మ మాతోనే పరాచికాలు ఆడుతుంది," అని ఏదో వాగాను. అతను పోయేదాకా ఆమె వేళ్లు నా కొంగును నలుపుతూనే ఉన్నాయి. ఇంటికొచ్చాక చూస్తే ఆ కొస పీచు పీచుగా అయింది.

మూడేళ్ల కిందటి అమావాస్యకు మా తమ్ముడు హైదరాబాదు నుంచి తెచ్చిన జార్జెట్ చీర కట్టుకున్నాను. రంగు బాగుంది. నెలకొక్క రాత్రి బయటికి పోతూ ఆ ముతక నూలు చీరే ఎందుకని విసుగొచ్చింది. గుమ్మంలోనే ఆమె నా కొంగు పట్టుకుని ఆగిపోయింది.

"ఏంది గిది? జారుతుంది."

"ఒక్క దినం గదత్తా. నేను నిన్ను ఇడుస్తనా?"

"జర ఆగుత. పోయి మార్చుకొని రా."

"నువ్వు ఆగేలోపల్నే లైట్లు ఆరిపోతయ్, పా," అన్నాను. ఆ మాట ఇప్పుడు తలుచుకుంటే నా నాలుకను నేనే కొరుక్కోవాలనిపిస్తుంది.

మేం పెద్ద షోరూము ముందుకు వచ్చేసరికి నిజంగానే కరెంటు పోయింది. నా కొంగు సబ్బులా జారడం భుజం మీద తెలిసింది. వెనక్కి చెయ్యి చాపాను. ఆమె లేదు. జనం తోసుకుంటున్నారు, బైకులు హారన్లు కొడుతున్నాయి, పత్తి బస్తాల ట్రాక్టర్ ఒకటి లైట్లు లేకుండానే మలుపు తిరుగుతోంది. గట్టిగా పిలిస్తే మా అత్తగారికి తెలిసిపోతుంది. పిలవకపోతే ఆమె ట్రాక్టర్ కింద పడుతుంది. "అత్తా, ఏడున్నవ్, కదలకు," అని సగం గొంతుతో అంటూ తిరుగుతున్నాను.

అప్పుడు వినపడింది అరుపు. "గొలుసు! నా గొలుసు!"

జనాన్ని తోసుకుని పోయాను. పది ఫోన్ల వెలుగు ఒకే మొహం మీద. నడుమ ఆమె. ఒక మనిషి ఆమె మణికట్టు మెలేసి పట్టుకున్నాడు. ఎదురుగా రాయచూరు వైపు నుంచి పెళ్లిచీరలకు వచ్చినావిడ, గద్వాల చీర కట్టుకుని, మెడ మీద చెయ్యి వేసుకుని నిలబడి ఉంది. గొలుసు మెడలోనే ఉంది.

"వెనక నుంచి కొంగు వట్టింది, మెల్లగ భుజం దాక చెయ్యి తెచ్చింది. దొంగమ్మ!" అంది ఆవిడ.

నాకు ఒక్క క్షణంలో అర్థమైంది. నా కొంగు జారిపోయాక చీకట్లో దొరికిన కొంగు పట్టుకుంది. వేళ్లకు పట్టు తగిలింది, ఊరుకోలేకపోయింది. కొస నుంచి పైకి తడుముతూ అతుకు దాకా పోయింది.

"గొలుసుకు కాదు," అంది ఆమె. "గీ చీర నేను నేసిన. అతుకు జూస్తున్న."

జనం నవ్వారు. "చీకట్ల అతుకు జూస్తుందంట!"

"చీకట్లనే జూస్త. అమ్మా, నీ చీర కుడి అంచు నుంచి నాలుగు ఏళ్ల లోపట, పట్టు మొదలైన కాడ ఒక ముడి ఉంటది. అది నా ముడి. చేత్తోని జూడు. లేకుంటే పోలీసోళ్లకు అప్పజెప్పు."

ఆవిడ తటపటాయించింది. చెయ్యి మెడ మీద నుంచి దిగి కొంగు వైపు పోవడం నేను చూశాను. నా కళ్లతో చూశాను. అంతలో మణికట్టు పట్టుకున్నవాడు, "ముడి లేదు గిడి లేదు, పోలీసోళ్లకు ఫోన్ కొట్టుండ్రి," అని ఇంకొంచెం మెలేశాడు. ఎవడో చెయ్యెత్తాడు. ఆమె కనీసం తల పక్కకు తిప్పలేదు, ఆ చెయ్యి ఆమెకు కనపడలేదు.

"ఇడువుండ్రి ఆమెను!" అని అరిచాను. "ఆమెకు రాత్రి కండ్లు కనవడవు! రేచీకటి!"

ఎత్తిన చెయ్యి దిగింది. మణికట్టు వదిలారు. ఆమె నా గొంతు వచ్చిన వైపు మొహం తిప్పి, "ఆగకపోతివి," అంది. అంతే అంది.

ఆ తర్వాత ఆమె మాట ఎవరూ వినలేదు. "ముడి జూడుండ్రి," అని ఇంకోసారి అంది. "పాపం, గుడ్డామె," అన్నారు చుట్టూ. ఎవరో కుర్చీ తెమ్మన్నారు. ఇంకెవరో పది రూపాయల నోటు మడిచి ఆమె అరచేతిలో పెట్టారు. ఆమె వేళ్లు విప్పి దాన్ని కింద పడనిచ్చింది. నేను ఆమె భుజాలు పట్టుకుని బయటికి నడిపించాను.

పది అడుగులు పోయామో లేదో కరెంటు వచ్చింది. వెనక్కి తిరిగి చూశాను. షోరూము లైటు కింద ఆవిడ కొంగు భుజం మీద నుంచి తీసి అరచేతి మీద పరుచుకుంది. అంచు నుంచి నాలుగు వేళ్లు కొలిచి, బొటనవేలితో తడుముతోంది. వేలు ఒకచోట ఆగింది. తలెత్తి మా కోసం వెతికింది. "అమ్మా! ఓ అమ్మా!" అని పిలిచింది.

నేను ఆగలేదు. అత్తను ఇంకా గట్టిగా పట్టుకుని గబగబా నడిపించాను. ముడి ఉందని తేలితే ఆమె తన మాటతోనే గెలిచేది. ఒక్క నిమిషంలో గెలిచేది. అప్పుడు నేను ఒట్టు తెంచినదానికి సాకు ఉండదు. ఆ సంగతి నాకు ఆ నడకలోనే తెలుసు.

మేం చేరేలోపలే మాట ఇల్లు చేరింది. కొడుకు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. అరవలేదు. "ఎన్నేండ్లాయెనే అమ్మా?" అని మాత్రం అడిగాడు. రెండో రోజు సేటు మనిషి వచ్చి పట్టు తీసుకుపోయాడు. వారంలో మగ్గం విప్పి గోడకు చేర్చారు. ఆమె ఎక్కడ జారిపడుతుందోనని గుంట మీద చెక్కలు పరిచి, దాని మీదే ఆమెకు మంచం వేశారు. పాపం, కొడుకు మంచికే చేశాడు. ఆమె మంచం మీద కూర్చుని కాళ్లు కిందికి వేసి, మడమతో ఆ చెక్కల మీద తట్టేది. లోపలి ఖాళీ చప్పుడు చేసేది.

అమావాస్యకు మేం పోతూనే ఉన్నాం. ఆమె మొదలుపెట్టినది ఆమె లేకుండానే నడిచింది. తిరిగొచ్చాక నేను నేరుగా ఆమె మంచం దగ్గరికి పోయి, ఏ షోరూము కొత్తగా తెరిచారో, ఎవరు ఏ రంగు చీర కట్టుకున్నారో చెప్పేదాన్ని. నా కొంగు నలుపుతూ వినేది. పగటి చూపు కూడా మెల్లగా పోయింది. ఆ రాత్రి గురించి తను ఒక్కసారీ ఎత్తలేదు. నేను ఎత్తితే కదా. చెబుదామని నోటిదాకా వచ్చేది. మింగేసేదాన్ని. అన్నిటికీ తొందరపడే నేను ఆ ఒక్కదానికి మాత్రం మూడేళ్లు సాగదీశాను.

ఆమె తిండి మానేసిన తర్వాత వచ్చిన అమావాస్య రాత్రి, ఇక దాచి లాభం లేదని నాకే తెలిసింది. రోడ్డు కబుర్లేవీ మొదలుపెట్టకుండానే చెప్పేశాను.

"అత్తా, ఆ రాత్రి ఆ గొలుసామె కొంగు తీసి జూసింది. ముడి దొరికింది. మనల్ని పిలిచింది. నేనే ఆగలేదు."

నా కొంగు మీద ఆమె వేళ్లు ఆగలేదు, నలుపుతూనే ఉన్నాయి.

"ఆమె పిలుస్తుంటె నాకు ఇనవడలేదానే? కండ్లు పోయినయ్ గాని చెవులు పోయినయా? ముడి ఏసింది నేను. ఉంటదని నాకెరుక. నువ్వే ఎన్నడు చెప్తవో అని ఆగిన."

ఆమె నాకోసం మూడేళ్లు ఆగింది. నేను ఆమెకోసం ఒక్క నిమిషం ఆగలేదు. మంచం పట్టె మీద తల పెట్టి ఏడ్చాను. ఆమె నా కొంగు కొసను దగ్గరికి లాక్కుని, రెండు వేళ్ల మధ్య ఇంకోసారి పరీక్షగా తిప్పి చూసింది.

"ఇయ్యాల నూలేనా?"

"నూలే అత్తా."

"అయితె మంచిగ కూసో. లైట్ల రోడ్ల ఏమేమున్నయో చెప్పు. నిమ్మళంగ చెప్పు, తొందరేముంది?"